పేట నుంచి ఫుట్‌పాత్ దాకా: అచ్యుతాపురం వైపు నుంచి నగర నిరాశ్రయతను చూస్తే

విశాఖపట్నంలో రాత్రి పదకొండు దాటాక రైల్వేస్టేషన్ బయట, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టూ, కేజీహెచ్ గోడ పక్కన, పూర్ణా మార్కెట్ అరుగుల మీద పడుకునే మనుషుల్ని మనమందరం చూస్తూనే ఉంటాం. చూసి ఏదో ఒకటి అనుకుని వెళ్లిపోతాం. కొందరు 'పాపం, అనాథలు' అంటారు. కొందరు 'తాగుబోతులు, సోమరులు' అంటారు. నగరం అందం గురించి ఆలోచించే అధికారులు 'వీళ్లని ఎక్కడికైనా తరలించాలి' అంటారు. దయ, అసహ్యం, పరిపాలన. చూపులు వేరైనా వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఆ మనిషి అక్కడికి ఎక్కడి నుంచి వచ్చాడు, అంతకుముందు అతనికి ఉన్నదేంటి, అది ఎవరి చేతుల్లోకి పోయింది అనే ప్రశ్న వీటిలో ఎక్కడా లేదు.

నగరంలో ఇల్లు లేనితనం నగరంలో పుట్టిన సమస్య కాదని మేము అనుకుంటున్నాం. దాని మొదలు ఊళ్లో ఉంది. ఇంకా ఖచ్చితంగా చెప్పాలంటే ఊరి బయట పేటలో ఉంది. భూమి లేని కులాలకు ఊళ్లో ఇల్లు కూడా గట్టిది కాదు. ఆ పేట కింద నేల కదిలినప్పుడు మనిషి ఫుట్‌పాత్ మీద తేలతాడు. ఈ దారి ఎలా ఉంటుందో చూడటానికి అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం కంటే తగిన చోటు మాకు కనబడలేదు. అందుకే ఈ వ్యాసంలో అక్కడ మొదలుపెట్టి విశాఖ మీదుగా మిగతా నగరాలకు వెళ్లదలచుకున్నాం.

1. లెక్కలో ఉన్నదెవరు, లేనిదెవరు

ముందు అంకెలు చూద్దాం. జనగణన లెక్కలో ఇల్లు లేనివాళ్లంటే రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ మీద, సిమెంటు తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్ల మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవాళ్లు. 2001లో దేశం మొత్తం మీద వీళ్లు 19.43 లక్షల మంది అని తేలింది. 2011లో 17.73 లక్షలు. తగ్గింది గదా అని సంతోషపడేవాళ్లు విడివిడిగా చూడాలి. గ్రామాల్లో ఇల్లు లేనివాళ్లు 11.65 లక్షల నుంచి 8.35 లక్షలకు తగ్గారు. పట్టణాల్లో 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగారు. ఈ దేశంలో ఇల్లు లేనివాళ్లలో సగానికి పైగా పట్టణాల్లోనే ఉన్నారని 2011 లెక్క చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది ఈ సంఖ్య సుమారు 1.45 లక్షలు.

ఈ లెక్క ఎలా తీశారో కూడా తెలుసుకోవాలి. ఇల్లు లేనివాళ్లను ఒక్క రాత్రిలో, ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెడతారు. ఆ రాత్రి కడుతున్న బిల్డింగులో ఇసక కుప్ప మీద పడుకున్న కూలీ, లారీ కింద పడుకున్న కళాసీ, హోటల్ వంటగదిలో మూల పడుకున్న కుర్రాడు, చుట్టాలింట్లో వారం రోజులు తలదాచుకున్న ఆడమనిషి ఈ లెక్కకి ఎంతవరకు చిక్కుతారు? మొగుడు గెంటేసిన స్త్రీ ముందు రోడ్డు మీదికి రాదు. పుట్టింటికి పోతుంది, అక్కడ నిలవలేక అక్కచెల్లెళ్ల ఇంటికి పోతుంది, ఏదో ఇంట్లో పనిమనిషిగా చేరి అక్కడే పడుకుంటుంది. అన్ని తలుపులూ మూసుకున్నాకే ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. కాబట్టి ఈ అంకెను చివరి మెట్టు మీద ఉన్నవాళ్ల అంకెగానే చూడాలి. పై మెట్ల మీద ఉన్నవాళ్లు ఇంకా చాలామంది.

2. అచ్యుతాపురంలో ఏం జరిగింది

అచ్యుతాపురం, రాంబిల్లి మండలాలు ముప్పై ఏళ్ల కిందట వరి, కొబ్బరి, జీడి, సరుగుడు, సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికిన ప్రాంతం. 2000 దశకంలో ఏపీఐఐసీ ఇక్కడ వేల ఎకరాలు సేకరించింది. సుమారు 5,600 ఎకరాల బహుళ ఉత్పత్తుల ప్రత్యేక ఆర్థిక మండలికి 2007లో నోటిఫికేషన్ వచ్చింది. వెయ్యి ఎకరాలు బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమకు లీజుకిచ్చారు. తర్వాత మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వచ్చాయి. ఊళ్లు ఖాళీ చేసినవాళ్ల కోసం దిబ్బపాలెం లాంటి చోట్ల పునరావాస కాలనీలు కట్టారు.

ఇది ఈ ప్రాంతానికి మొదటి అనుభవం కాదు. పక్కనే విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1970లలో, 80లలో అరవైకి పైగా ఊళ్లను ఖాళీ చేయించారు. నిర్వాసితులకు ఆర్ కార్డులిచ్చి ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ కార్డులు పట్టుకుని తండ్రులు ధర్నా చేశారు, తర్వాత కొడుకులు చేశారు. గాజువాక, అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ అనే పేర్లు ఇప్పుడు నగరంలో భాగం. ఒకప్పుడవి పునరావాస కాలనీలు. అంటే విశాఖ పెరిగిన దిక్కల్లా ఎవరో ఒకరి ఊరు పోయింది.

ఇక్కడ అభివృద్ధి మంచిదా చెడ్డదా అనే చర్చలోకి మేము పోవడం లేదు. పరిశ్రమ వద్దని పేటవాళ్లు ఎన్నడూ అనలేదు. అంబేద్కర్ కూడా పల్లెను పొగిడినవాడు కాదు, పరిశ్రమ వద్దన్నవాడు కాదు. మేము అడిగేది ఒక్కటే. ఊరు పోయినప్పుడు నష్టపరిహారం ఎవరికి, ఏ లెక్కన వచ్చింది?

1894 నాటి భూసేకరణ చట్టం భూమికి ఖరీదు కట్టేది. భూమి మీద బతికిన మనిషికి ఖరీదు కట్టేది కాదు. పట్టాదారుకి చెక్కు వచ్చేది. ఆ పొలంలో నాట్లు వేసిన ఆడకూలీకి వచ్చేది కాదు. నోటిమాట మీద కౌలు చేసినవాడికి వచ్చేది కాదు. ఏడాది పాలికి కుదిరిన పాలేరుకి వచ్చేది కాదు. జీడితోటలో గింజలు ఏరినవాళ్లకి, పశువులు కాసినవాళ్లకి, డప్పు కొట్టి, చెప్పులు కుట్టి, చచ్చిన గొడ్డు ఎత్తి ఊరితో బతుకు ముడిపడినవాళ్లకి ఏ కాలమ్‌లోనూ చోటు ఉండేది కాదు. 2005లో రాష్ట్రం పునరావాస విధానం ఒకటి తెచ్చింది, ఇంటిజాగా, ఇల్లు, కొంత డబ్బు అని చెప్పింది. దాంతో కొందరికి మేలు జరగలేదని అనడం లేదు. కానీ అదీ ఇల్లు అనే లెక్క మీద నడిచింది. పేటలో ఒక పాకలో మూడు సంసారాలుంటే కాగితంలో ఒక ఇల్లే. పెళ్లైన కొడుకు వేరు కుటుంబమా కాదా అన్న తగువు భూసేకరణ జరిగిన ప్రతిచోటా ఉంది. విడిపోయిన కూతురి సంగతి ఎవరూ అడగనైనా అడగరు.

పునరావాస కాలనీలో ఇల్లు వచ్చినా పని ఊరితోనే పోయింది. పదెకరాల ఆసామి చెక్కు తీసుకుని అనకాపల్లిలోనో గాజువాకలోనో స్థలం కొంటాడు, షెడ్డు వేసి కార్మికులకి అద్దెకిస్తాడు, కాంట్రాక్టరవుతాడు. అతనికి భూమి వేరే రూపంలోకి మారింది, అంతే. పేటవాడి దగ్గర మారడానికేమీ లేదు. అతనికున్నది రెక్కలే. రెక్కలు మాత్రమే ఉన్నవాడు పని ఎక్కడుంటే అక్కడికి పోతాడు, పోయినచోట అద్దె కట్టలేకపోతే బయట పడుకుంటాడు.

అచ్యుతాపురంలో పని దొరకలేదా అంటే దొరికింది. చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు వేల సంఖ్యలో దుస్తుల ఫ్యాక్టరీకి పోతున్నారు. ఇంట్లోకి మొదటిసారి నెలజీతం తెచ్చింది వాళ్లే. దీన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ నలభై దాటిన పాలేరుకి ఫ్యాక్టరీ గేటు తెరుచుకోదు. లోపలికి పోయినవాళ్లకి భద్రతా లేదు. 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి విషవాయువు లీకై వందలాది మంది మహిళలు ఆస్పత్రి పాలయ్యారు. 2024 ఆగస్టు 21న ఎసెన్షియా మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది చనిపోయారు. సంపాదించే ఒక్క మనిషి పోతే అద్దె ఇంట్లో ఉన్న కుటుంబం ఎన్ని నెలలు అదే ఇంట్లో ఉండగలదు? ఇల్లు లేనితనానికీ పని ప్రమాదానికీ మధ్య దూరం చాలా తక్కువ.

3. డి-పట్టా: ఇచ్చిన చేత్తోనే తీసుకోవడం

దళితులకు భూమి లేదన్నది సగం నిజం. ప్రభుత్వం ఇచ్చిన ముక్కలు అక్కడక్కడా ఉన్నాయి. వాటినే మనవాళ్లు డి-పట్టా భూములంటారు. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఈ భూమిని అమ్మకూడదు, కొనకూడదు అని చెప్పింది. పేదవాడి చేతిలోంచి భూమి జారిపోకుండా చేసిన మంచి చట్టమే. కానీ భూమి ప్రభుత్వానికే కావలసి వచ్చినప్పుడు ఇదే నియమం తిరగబడింది. 'అది మీ సొంతం కాదు, సర్కారు భూమి, అవసరం వచ్చింది, వెనక్కి తీసుకుంటున్నాం' అన్నారు. పక్కనున్న జిరాయితీ భూమికి ఒక రేటు, దీనికి నామమాత్రం.

ఈ అన్యాయాన్ని 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం పట్టుకుంది. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి తీసుకున్నా జిరాయితీ రైతుకిచ్చినట్టే పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఈ తీర్పు పేరు ప్రతి పేటలో తెలిసి ఉండాలి. తెలియకపోవడం వల్లే ఎంతోమంది వేలిముద్ర వేసి వచ్చిందే చాలనుకున్నారు.

ఇటీవలి ఉదాహరణ ఇంకా ఆలోచించదగ్గది. విశాఖ నగరంలో ఇల్లు లేని పేదలకు స్థలాలివ్వడానికి 2020 జనవరిలో చుట్టుపక్కల పది మండలాల్లో ఆరు వేల ఎకరాలకు పైగా భూసమీకరణ చేయాలని ప్రభుత్వం జీవో ఇచ్చింది. అనకాపల్లి, సబ్బవరం, పరవాడ మండలాలూ వాటిలో ఉన్నాయి. సమీకరించింది ఏ భూమి? అసైన్డ్ భూమి, పేదలు ఏళ్ల తరబడి సాగు చేసుకుంటున్న ప్రభుత్వ భూమి. ఎకరా డి-పట్టా ఇచ్చినవాడికి 900 గజాల స్థలం. పదేళ్లకు పైగా సాగులో ఉండి పట్టా లేనివాడికి 450 గజాలు. అయిదు నుంచి పదేళ్లు సాగు చేసినవాడికి 250 గజాలు. ఎకరానికి 4,840 గజాలు. అంటే పట్టా ఉన్నవాడికి తిరిగొచ్చింది వందకి 19 పాళ్ల లోపే, లేనివాడికి 9 పాళ్లు. అభివృద్ధి చేసిన స్థలం కాబట్టి ధర ఎక్కువ పలుకుతుందని ప్రభుత్వం వాదన. అమ్ముకునేవాడికి ఆ వాదన సరిపోతుంది. సాగు చేసుకుని తినేవాడికి ఎలా సరిపోతుంది?

2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో ముఖ్యమంత్రి వచ్చి విశాఖ పేదలకు లక్షకు పైగా పట్టాలు పంచే కార్యక్రమం మొదలుపెట్టారు. ఇల్లు లేని పేదలకు జాగా దక్కడం మంచిదే, కాదనం. కానీ దీని లోపలి లెక్క చూడండి. నగరం లోపల ఖరీదైన భూమి జోలికి ఎవరూ పోలేదు. పట్టణ భూపరిమితి చట్టం 1976లో వచ్చింది, కేంద్రం 1999లో రద్దు చేసింది, మన రాష్ట్రం 2008లో ఆ రద్దును ఒప్పుకుంది. పెద్దవాళ్ల మిగులు భూమి పెద్దవాళ్ల దగ్గరే ఉండిపోయింది. నగర పేదవాడికి ఒక సెంటు ఇవ్వడానికి పల్లె పేదవాడి ఎకరం తీసుకున్నారు. పేదరికాన్ని పేదరికంతోనే పూడ్చడం అంటే ఇదే.

4. తరిమిన ఊరు, రానివ్వని పట్నం

భూసేకరణ ఒక్కటే కారణం అంటే మేము తప్పుదారి పట్టించినట్టవుతుంది. ఊరే మనిషిని తరిమిన సందర్భాలు మన చరిత్రలో ఉన్నాయి. 1985 జూలై 17న కారంచేడులో దళితుల మీద దాడి తర్వాత బతికినవాళ్లు చీరాలకు పారిపోయి శిబిరం వేసుకున్నారు. తిరిగి ఆ ఊరికి పోమన్నారు. చివరికి చీరాలలోనే వాళ్లకు విజయనగర్ కాలనీ ఏర్పడింది. 1991 ఆగస్టు 6న చుండూరు తర్వాత దళితులు తెనాలికి చేరారు. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో మడ్డువలస ప్రాజెక్టు కోసం సేకరించగా మిగిలిన భూమిని సాగు చేసుకుంటున్న దళితుల్లో అయిదుగురిని చంపారు. ఈ మూడు చోట్లా మనిషి ఊరు విడవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. ఊళ్లో అతని చోటు అతని కులం చేతిలో ఉంది. చీరాలలో ఒక కాలనీ రావడానికి పెద్ద ఉద్యమం కావలసి వచ్చింది. ఉద్యమం లేని ఊళ్ల నుంచి ఒకటీ రెండూ కుటుంబాలుగా వెళ్లిపోయినవాళ్లు ఎక్కడున్నారో ఎవరికీ పట్టలేదు.

పట్నంలో కులం ఉండదని మన పెద్దలు చాలామంది నమ్మారు. అంబేద్కర్ అనుభవమే దీనికి జవాబు. కొలంబియాలో, లండన్‌లో చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన మనిషికి ఆ నగరంలో ఉండటానికి ఒక గది దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగాడు. కొద్ది రోజుల్లో సంగతి బయటపడి కర్రలు పట్టుకుని జనం మీదికొచ్చారు. ఆ రోజు ఆయన ఒక పార్కులో చెట్టుకింద కూర్చుని రైలు టైము దాకా గడిపి బొంబాయికి వెళ్లిపోయాడు. ఇల్లు లేనితనం గురించి రాసే ఆర్థికవేత్తలు ఈ ఘటనను ఎందుకో తలచుకోరు. జేబులో జీతం ఉన్నవాడికీ ఇల్లు దొరకకపోవచ్చని, దానికి కారణం కులమని ఇంతకన్నా స్పష్టంగా చెప్పేదేముంటుంది?

వందేళ్లు గడిచాక పరిస్థితి చూడండి. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, దళిత పేరుతో ఫోన్ చేసి అడిగినప్పుడు వందకి సుమారు నలభై సార్లు అయితే లేదన్నారు, లేకపోతే అదనపు షరతులు పెట్టారు. ముస్లిం పేరుతో అడిగినప్పుడు ఇంకా ఘోరం. మన దగ్గర ఇంత పరిశోధన కూడా అక్కర్లేదు. అద్దెకి ఇల్లడిగితే 'మీరేమిట్లు?' అని అడగని వీధి ఎక్కడుంది? ఇంటిపేరు అడుగుతారు, ఊళ్లో ఇల్లు ఏ పక్కన అని అడుగుతారు, చివరికి 'మా వాళ్లెవరో వస్తామన్నారు' అంటారు. మన యూనివర్సిటీ విద్యార్థుల్లో ఎంతమంది ఈ మాట విని హాస్టల్‌కి తిరిగిరాలేదు? హాస్టల్ ఉన్నవాడు తిరిగొస్తాడు. లేనివాడు ఎక్కడికి పోవాలి?

అద్దె దొరకనివాడు పనిచోటే పడుకుంటాడు. భవన నిర్మాణంలో ఇది మామూలైపోయింది. ఉత్తరాంధ్ర నుంచి మద్రాసు, హైదరాబాద్, బెంగుళూరు పోయే కూలీలు ఇల్లు కట్టేచోటే సంసారం పెడతారు. ఇల్లు పూర్తయ్యేసరికి మూట సర్దాలి. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవాళ్లు చాలామంది. వారం తర్వాత తిరువళ్లూరు జిల్లాలో గోదాం గోడ కూలి కార్మికుల పాకల మీద పడితే 11 మంది నిద్రలోనే పోయారు. వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లావాళ్లే. ఇళ్లు కట్టేవాళ్లు ఇల్లు లేక చనిపోవడం ఈ దేశంలో వార్త కూడా కాదు, ఒకరోజు ఫోటో మాత్రమే.

5. చట్టం ఎటువైపు

చట్టం దగ్గరికి వస్తే రెండు గొంతులు వినిపిస్తాయి. 1981లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల్ని బస్సులెక్కించి పంపేయబోతే ఓల్గా టెల్లిస్ అనే జర్నలిస్టు, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1985 జూలైలో తీర్పు వచ్చింది. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు ఉందని, మనిషి ఫుట్‌పాత్ మీద ఉండేది పని దగ్గరగా ఉంటుందనేనని కోర్టు ఒప్పుకుంది. అదే తీర్పు ఫుట్‌పాత్ మీద ఉండే హక్కు మాత్రం లేదని, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చని చెప్పింది. మన ఉపన్యాసాల్లో మొదటి సగమే చెప్తాం. రెండో సగం బుల్డోజర్‌తో పాటు వస్తుంది.

మనకి ఇంకా దగ్గరైన తీర్పు చమేలీ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో దళితులకు ఇళ్లు కట్టడానికి ప్రభుత్వం అత్యవసరమని భూమి సేకరిస్తే భూస్వాములు కోర్టుకెళ్లారు. ఏళ్ల తరబడి ఇల్లు లేనివాళ్లకి ఇప్పుడేం తొందర అన్నది వాళ్ల వాదన. దళితులకు ఇల్లు లేకపోవడమే అత్యవసరమని సుప్రీంకోర్టు 1990ల నడుమ తేల్చింది, నివాసం జీవించే హక్కులో భాగమంది. సెజ్ కోసం భూసేకరణ అత్యవసరం అయినప్పుడు పేట ఇంటిజాగా కోసం ఎందుకు కాదు అని అడగడానికి ఈ తీర్పు చేతిలో ఉంది.

2010లో ఢిల్లీ చలికి నిరాశ్రయులు చనిపోతున్నప్పుడు ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలన్న కొలత అప్పుడే గట్టిపడింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దీన్ని పథకంగా చేసింది. ఒక్కో గృహంలో కనీసం వందమందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు. 2011 లెక్కన విశాఖ కార్పొరేషన్ జనాభా 17.28 లక్షలు. ఆ ప్రకారం కనీసం 17 గృహాలు, 1,700 మందికి చోటు ఉండాలి. మీ నగరంలో ఎన్నున్నాయి, వాటిలో ఆడవాళ్లకెన్ని, కుటుంబం మొత్తం ఉండగలిగేవెన్ని? సమాచార హక్కు దరఖాస్తు ఒక్కటి పెడితే జవాబు వస్తుంది. విద్యార్థి సంఘాలు చేయదగ్గ పని ఇది.

ఇంకో గొంతు పోలీసుది. 1977 నాటి భిక్షాటన నిషేధ చట్టం మన రెండు రాష్ట్రాలకూ వారసత్వంగా వచ్చింది. 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు విదేశీ అతిథులు వస్తున్నారని రెండు నెలలపాటు నగరంలో భిక్షాటన నిషేధించారు. రోడ్ల మీదివాళ్లని పట్టుకెళ్లి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లో పెట్టిన ఆశ్రమాలకు చేర్చారు. నేరం చేయని మనిషికి జైలు ఆవరణలో ఆశ్రయం! మరుసటి ఏడాది, 2018 ఆగస్టులో, భిక్షాటనను నేరంగా చూడటం రాజ్యాంగ విరుద్ధమని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. పేదవాణ్ని కనబడకుండా చేయడం ఒకటి, పేదరికం లేకుండా చేయడం ఒకటి. మన ప్రభుత్వాలకు మొదటిది సులువు.

6. పరిష్కారాలు ఏ వైపు నుంచి

వసతి గృహం కావాలి. కానీ అది రాత్రికి మందు మాత్రమే. పరిష్కారం మొదలు కావలసింది మనిషి ఊరు విడిచే చోట.

మొదటిది, భూసేకరణకు ముందే భూమి లేనివాళ్ల జాబితా. 2013 భూసేకరణ చట్టం ప్రభావిత కుటుంబం అంటే పట్టాదారు ఒక్కడే కాదని చెప్పింది. మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కూలీ, కౌలుదారు, చేతివృత్తివాడు, అసైన్డ్ భూమి ఉన్నవాడు అందరూ ఆ లెక్కలోకి వస్తారు. వీళ్లను గుర్తించేది సామాజిక ప్రభావ అంచనాలో. 2018లో మన రాష్ట్రం సవరణ చేసి పారిశ్రామిక కారిడార్ల లాంటి ప్రాజెక్టులను ఆ అంచనా నుంచి మినహాయించే అధికారం తీసుకుంది. అంటే పేట పేరు రాసుకునే పుస్తకాన్నే పక్కన పెట్టారు. నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు, పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రం అంటూ ఈ జిల్లాలో ఇంకా ప్రాజెక్టులు వస్తున్నాయి. 2025 జనవరి 8న ప్రధాని వీటికి శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం జాబితా రాయకపోతే మనమే రాయాలి. గ్రామసభలో చదివించి తీర్మానం చేయించాలి.

రెండోది, డి-పట్టాకి జిరాయితీతో సమాన పరిహారం, కుదిరినచోట భూమికి భూమి. ఒక పేదవాడి సాగుభూమి తీసి ఇంకో పేదవాడికి ఇంటిజాగా ఇచ్చే పద్ధతి ఆగాలి.

మూడోది, ఉన్నచోటే పట్టా. ఒక సెంటంటే 48.4 గజాలు. 2020 డిసెంబర్‌లో మొదలైన పథకంలో పట్టణాల్లో ఒక సెంటు, గ్రామాల్లో సెంటున్నర ఇచ్చారు. 2024లో వచ్చిన ప్రభుత్వం పట్టణంలో రెండు సెంట్లు, గ్రామంలో మూడు సెంట్లు అంటోంది. సెంట్ల పోటీ బాగానే ఉంది. కానీ అడ్డాకి పాతిక కిలోమీటర్ల దూరంలో రెండు సెంట్లున్నా తెల్లారి ఆరింటికి ఎన్‌ఏడీ జంక్షన్‌లో నిలబడవలసిన కూలీకి ఉపయోగమేంటి? అతను వారంలో ఆరు రోజులు ఫుట్‌పాత్ మీదే పడుకుంటాడు. పక్కనే ఉన్న ఒడిశా 2017లో చట్టం చేసి మురికివాడల్లో ఉన్నవాళ్లకి ఉన్నచోటే భూమి హక్కు ఇవ్వడం మొదలుపెట్టింది. విశాఖ కొండవాలు పేటలకి, గెడ్డల పక్క కాలనీలకి ఇది ఎందుకు పనికిరాదో పాలకులు చెప్పాలి.

నాలుగోది, అద్దె. అందరికీ సొంతిల్లు అనే నినాదంలో అద్దె ఇల్లు మరుగునపడింది. ఏడాదిలో ఆరు నెలలు మాత్రమే పట్నంలో ఉండే వలస కూలీకి కావలసింది తక్కువ అద్దెకి, కులం అడగని గది. సెజ్‌లలో భూమి రాయితీ పొందే కంపెనీల మీద కార్మికుల వసతి బాధ్యత పెట్టాలి. కులం చూసి ఇంట్లో ఉండనివ్వకపోవడాన్ని 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్ పట్టుకుంటుంది. అద్దె నిరాకరణ మీద దాన్ని వాడినవాళ్లు ఎంతమంది? ఇంటి యజమాని కారణం చెప్పడు కాబట్టి రుజువు కష్టం. రుజువు భారం యజమాని మీద పెట్టే కొత్త నియమం కోసం అడగాలి.

అయిదోది, ఇల్లు ముందు. ఫిన్లాండ్ 2008 నుంచి ఒక పద్ధతి అనుసరిస్తోంది. రోడ్డు మీద ఉన్న మనిషి ముందు తాగుడు మానాలి, పని వెతుక్కోవాలి, అప్పుడు ఇల్లిస్తాం అనరు. ముందు అద్దె ఒప్పందంతో ఇల్లిస్తారు, మిగతా సాయం తర్వాత. అక్కడ నిరాశ్రయుల సంఖ్య బాగా తగ్గింది. అది చిన్న దేశం, డబ్బున్న దేశం. నిజమే. కానీ మన దగ్గర ఆధార్‌కి అడ్రస్ కావాలి, రేషన్‌కి ఆధార్ కావాలి, ఇంటిపట్టాకి రేషన్ కార్డు కావాలి అని మనిషిని గుండ్రంగా తిప్పుతున్న ఆఫీసులకి ఆ సూత్రం కొంతైనా పనికొస్తుంది. ఇల్లు లేదని దరఖాస్తు పెట్టినవాణ్ని ఇంటి నెంబరు అడగకూడదు.

ముగింపుగా ఒక దగ్గరి పని. 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా జనగణన ఉంటుందని, అందులో కులం కూడా లెక్కిస్తారని 2025 జూన్‌లో కేంద్రం ప్రకటించింది. 1931 తర్వాత అన్ని కులాలనూ లెక్కపెట్టబోతున్న మొదటి జనగణన ఇది. ఇళ్లున్నవాళ్ల కులం ఎలాగూ రాస్తారు. ప్లాట్‌ఫారం మీద, ఫ్లైఓవర్ కింద, కడుతున్న బిల్డింగులో ఉన్నవాళ్ల దగ్గరికి కూడా అదే కాగితం చేరుతుందా, వాళ్ల మాల, మాదిగ, రెల్లి, పైడి పేర్లు అందులో పడతాయా అన్నది మన మీద ఆధారపడి ఉంది. వాళ్లెక్కడ పడుకుంటారో గణకుడి కన్నా మన కార్యకర్తలకే బాగా తెలుసు. ఆ చోట్ల పట్టిక ఇప్పటి నుంచే తయారు చేసి కలెక్టరుకి ఇవ్వాలి, లెక్క జరిగే రాత్రి వాళ్లతో పాటు తిరగాలి. నగరంలో ఇల్లు లేనితనానికి కులం ఉందని మేమంటున్నాం. లేదనేవాళ్లు లెక్క తీయనివ్వాలి.